ఆటలెక్కలు: సగటు కట్టు విధము

క్రికెట్టు ఎరుగని బాలుడు మన ఉప్పుగూడలో లేడు. ఫలక్‌నుమా మొదలుకొని లాల్‌దర్వాజా వరకు ఏ ఖాళీస్థలమున చూచినను సాయంకాలమున మూడు కర్రలు పాతబడియే యుండును. ఆడుట ఎరిగినవా రందరును ఆటలెక్క ఎరుగుదురని మాత్రము చెప్పజాలము. వార్తాపత్రికలో ఒక ఆటగాని పేరున కెదురుగా 45.97 అని యున్నచో, అది మంచి అంకె యని చెప్పుదురు గాని, అది యే అంకెను ఏ అంకెచే భాగింపగా వచ్చినదని యడిగినచో అనేకులు మౌనము వహింతురు. ఆ సంగతిని తేటపరచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందులకు కావలసిన గణితము ప్రాథమిక తరగతులలో నేర్చిన కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారములకు మించినది కాదు.

తల్లిదండ్రులును దీనిని చదువవలెనని కోరుచున్నాము. మన పిల్లలు నేడు మార్కులచేతను, హాజరుపట్టీచేతను, తరగతిలో వచ్చిన స్థానముచేతను తూచబడుచున్నారు. సగటు అను అంకె ఎట్లు పుట్టునో ఎరిగినవారు దానిని చూచి మోసపోరు, బెదరిపోరు. భాగహారము చేయుట సులభము. దేనిచే భాగింపవలెననునది తెలిసికొనుటయే కష్టము. ఆటలెక్కలోని న్యాయమంతయు ఆ భాజకమునందే యున్నది.

బ్యాటరు సగటు

బ్యాటరు సగటు కట్టుటకు సూత్ర మిది: అతడు చేసిన మొత్తము పరుగులను, అతడు అవుటైన పర్యాయముల సంఖ్యచే భాగింపవలెను.

మొదట సులభమైన ఉదాహరణము చూతము. తెలుగు కుటుంబమున 1895వ సంవత్సరమున నాగపూరులో జన్మించిన కొట్టారి కనకయ్య నాయుడుగారు, 1932లో లండను నగరపు లార్డ్సు మైదానమున భారతజట్టు ఆడిన మొట్టమొదటి టెస్టు పోటీకి నాయకులు. ఆయన మొత్తము 7 టెస్టులలో 14 ఇన్నింగ్సు లాడి 350 పరుగులు చేసిరి. పదునాలుగు పర్యాయములును అవుటైరి. కావున 350ని 14చే భాగింపగా సగటు 25.00 అగును.

ఇక కొంచెము చిక్కుగల ఉదాహరణము. 1974లో హైదరాబాదున జన్మించిన వి.వి.ఎస్. లక్ష్మణుగారు 134 టెస్టులలో 225 ఇన్నింగ్సు లాడి 8781 పరుగులు చేసిరి. వానిలో 34 పర్యాయములు నాటౌటుగా మిగిలిరి. ఇచ్చట 225చే భాగింపరాదు. 225లో నుండి 34 తీసివేయగా 191. ఆయన అవుటైన పర్యాయములు అన్నియే. 8781ని 191చే భాగింపగా 45.97 వచ్చును. తెలియక 225చే భాగించినచో 39.03 వచ్చును. భాజకము మారుటచే ఒక్క మనుష్యునికే దాదాపు ఏడు పరుగుల భేదము కలిగినది.

నాటౌటైన ఇన్నింగ్సును భాజకమునుండి ఏల తీసివేయవలెను? అవుటు కానివాని ఇన్నింగ్సు ముగియలేదు. కాలమో, విజయమో, తోడివారు అవుటగుటయో దానిని మధ్యలో ఆపినది. ముగియని పనిని ముగిసినదానివలె లెక్కించుట న్యాయము కాదు. రంజీ ట్రోఫీ 1937-38 అంతిమపోటీలో హైదరాబాదు జట్టు నవానగరు జట్టును ఒక్క వికెట్టు తేడాతో గెలిచినది. ఆ గెలుపునకు మూలస్తంభమైన ఏదుల్జీ ఐబారాగారు 137 పరుగులతో నాటౌటుగా నిలిచిరి. ఆయనను ఎవరును అవుటు చేయలేదు గదా! అట్టి ఇన్నింగ్సునకు అవుటు లెక్క వేయుట తగునా?

అయితే ఈ సూత్రమునకు లోపము లేదని తలంపరాదు. చివరి వరుసలో దిగి, రెండేసి బంతు లాడి, పలుమారులు నాటౌటుగా మిగులువాని సగటు వాని సామర్థ్యమునకు మించి పెరుగును. ఒక బాలుడు సంవత్సరమంతయు ఒక్కసారియే దిగి 8 పరుగులతో నాటౌటైనచో, వాని భాజకము సున్న. సున్నచే భాగించుట గణితమున లేదు. కావున వానికి సగటే లేదు. అట్టివాని పేరున కెదురుగా గీత మాత్రము గీయుదురు. మరల, సికింద్రాబాదున పెరిగి, మహిళా క్రికెట్టునకు తలమానికమైన మిథాలీ రాజ్‌గారి లెక్క చూడుడు. 2022లో విరమించునాటికి ఆమె ఒకరోజు పోటీలలో 211 ఇన్నింగ్సులకు 7805 పరుగులు చేసిరి. 57 పర్యాయములు నాటౌటు. 211లో 57 పోగా 154. సగటు 50.68. ఇన్ని నాటౌటులు కడపటివరకు నిలబడి ఆట నడిపినదానికి సాక్ష్యము. నాటౌటు ఒకనికి దాపరికము కావచ్చును, మరియొకరికి కిరీటము కావచ్చును. ఎవరికి ఏదియో తెలియవలెనన్నచో సగటు ప్రక్కన ఇన్నింగ్సులును, నాటౌటులును, మొత్తము పరుగులును కలిపి చూడవలెను.

సగటుతో పాటు బ్యాటరు వేగమును కూడ లెక్కింతురు. నూరు బంతులకు ఎన్ని పరుగులను లెక్క యిది. 60 బంతులలో 45 పరుగులు చేసినచో, 45ను 100చే హెచ్చవేసి 60చే భాగింపగా 75. దీనికి స్ట్రైక్ రేటని పేరు.

బౌలరు లెక్కలు మూడు

బౌలరును మూడు ప్రశ్న లడుగవలెను. ఒక్కొక్క వికెట్టునకు ఎన్ని పరుగులిచ్చెను? ఇది సగటు. ఒక్కొక్క ఓవరునకు ఎన్ని పరుగులిచ్చెను? ఇది ఎకానమీ, అనగా పొదుపు. ఒక్కొక్క వికెట్టునకు ఎన్ని బంతులు వేసెను? ఇది బౌలరు స్ట్రైక్ రేటు. బ్యాటరునకు అంకె పెరిగినకొలది మేలు. బౌలరునకు మూడింటను తగ్గినకొలది మేలు.

ఇందులకు మన నగరపు బౌలరు చూపిన ఉదాహరణముకంటె చక్కనిది దొరకదు. 2023వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన కొలంబోలో జరిగిన ఆసియా కప్పు అంతిమపోటీలో, హైదరాబాదున పుట్టి పెరిగిన మొహమ్మద్ సిరాజ్ 7 ఓవరులు వేసి 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీసెను. లెక్క చూడుడు. 21ని 6చే భాగింపగా సగటు 3.50. 21ని 7చే భాగింపగా ఎకానమీ 3.00. ఏడు ఓవరులకు 42 బంతులు. 42ను 6చే భాగింపగా స్ట్రైక్ రేటు 7.

ఈ మూడింటికి పరస్పర సంబంధమున్నది. ఎకానమీని స్ట్రైక్ రేటుచే హెచ్చవేసి 6చే భాగించినచో సగటు రావలెను. 3ను 7చే హెచ్చవేయగా 21. దానిని 6చే భాగింపగా 3.50. సరిపోయినది. సరిపోనిచో మూడింటిలో ఏదియో తప్పు వేసితిమని గ్రహింపవలెను.

బౌలరు ఖాతాలో ఏది వ్రాయవలెనో, ఏది వ్రాయరాదో కూడ నియమ మున్నది. వైడులును నోబాలులును బౌలరు దోషములు. వానివలన వచ్చిన పరుగులు అతని ఖాతాకే చేరును. బైలును లెగ్ బైలును జట్టు మొత్తమునకు చేరును గాని బౌలరు ఖాతాకు చేరవు. రనౌటువలన పడిన వికెట్టు బౌలరునకు దక్కదు. ఎవని క్రియకు వానినే బాధ్యుని చేయవలెననునదే ఈ నియమముల సారము.

జాగ్రత్త వహింపవలసిన మూడు చోట్లు

మొదటిది, ఓవరులలోని చుక్క. పైని చెప్పిన పోటీలో శ్రీలంక జట్టు 15.2 ఓవరులలో 50 పరుగులకు అందరును అవుటైరి. ఈ 15.2 చూచుటకు దశాంశమువలె నున్నను దశాంశము కాదు. పదునైదు ఓవరులును, ఆపైని రెండు బంతులును అని దాని యర్థము. ఓవరునకు ఆరు బంతులు గనుక రెండు బంతులు ఓవరులో మూడవ వంతు, అనగా 15.33. కావున ఓవరునకు పరుగులు కట్టునపుడు మొదట బంతులుగా మార్చుట క్షేమము. 15 ఓవరులకు 90, మీద 2, మొత్తము 92 బంతులు. 50ని 6చే హెచ్చవేసి 92చే భాగింపగా 3.26. చుక్కను దశాంశముగా తలంచి 50ని 15.2చే భాగించినచో 3.29 వచ్చును. భేదము స్వల్పమే యైనను తప్పు తప్పే.

రెండవది, సగటులకు సగటు కట్టుట. ఒక బౌలరు మొదటి పోటీలో 10 పరుగులకు 5 వికెట్లు తీసెననుకొందము, సగటు 2. రెండవ పోటీలో 60 పరుగులకు 1 వికెట్టు, సగటు 60. రెండింటిని కలిపి సగము చేసి 31 అనుట సామాన్యముగా జరుగు పొరపాటు. మొత్తము పరుగులు 70, మొత్తము వికెట్లు 6. నిజమైన సగటు 11.67. ముందు మొత్తములను కూడి, పిదప ఒక్కసారియే భాగింపవలెను. ఈ నియమము ఆటకే కాదు, ఇంటి జమాఖర్చులకును వర్తించును.

మూడవది, అంకెను దగ్గరి పూర్ణసంఖ్యకు దిద్దుట. ఆస్ట్రేలియా దేశీయుడైన డొనాల్డ్ బ్రాడ్మన్‌గారు టెస్టులలో 80 ఇన్నింగ్సు లాడి, 10 పర్యాయములు నాటౌటై, 6996 పరుగులు చేసిరి. 6996ను 70చే భాగింపగా 99.94. 1948లో ఓవల్ మైదానమున తమ చివరి ఇన్నింగ్సునకు దిగినపుడు నాలుగు పరుగులు చేసినచో సగటు సరిగా నూరగును. ఆయన రెండవ బంతికే సున్నకు అవుటైరి. లోకమంతయు ఆ అంకెను 99.94గానే గౌరవించినది; ఎవరును నూరని దిద్దలేదు. లోటుగల నిజము నిండైన అబద్ధముకంటె మేలు.

బేస్‌బాలు లెక్కలు

అమెరికా దేశీయుల బేస్‌బాలు మన క్రికెట్టునకు దగ్గరి చుట్టము. దాని లెక్కలకును క్రికెట్టే పుట్టినిల్లు. ఇంగ్లండున 1824లో పుట్టి, బాల్యముననే అమెరికా చేరిన హెన్రీ చాడ్విక్ అను పత్రికారచయిత మొదట క్రికెట్టు వార్తలు వ్రాయుచు, పిదప బేస్‌బాలు ఆటకు స్కోరు పట్టికను, సగటు లెక్కలను ఏర్పరచెను. క్రికెట్టు లెక్క తెలిసినవారికి ఇది కష్టము కాదు.

బ్యాటు పట్టినవానిని హిట్టరనియు, బంతి విసరువానిని పిచరనియు అందురు. హిట్టరు బంతిని కొట్టి, ఎదుటి పక్షమువారి పొరపాటు లేకయే, మొదటి బేసునైనను క్షేమముగా చేరినచో దానిని హిట్టు అందురు. హిట్టుల సంఖ్యను, అతడు బ్యాటు పట్టిన లెక్కపర్యాయములచే భాగింపగా సగటు వచ్చును. ఇచ్చటను భాజకములోనే న్యాయమున్నది. పిచరు నాలుగు చెడుబంతులు విసరుటచే హిట్టరు ఊరక మొదటి బేసునకు నడచిపోయిన పర్యాయమును లెక్కింపరు. తన తోడివానిని ముందుకు పంపుటకై తాను అవుటగుటకు ఒప్పుకొని బంతిని మెల్లగా తట్టిన పర్యాయమును లెక్కింపరు. ఇతరుని మేలుకొరకు తనను అర్పించుకొన్నవానికి ఆ యవుటు నష్టము కలిగింపరాదని ఆ నియమము చేసినవారి తలంపు.

1941లో బాస్టను జట్టునకు చెందిన టెడ్ విలియమ్స్ చరిత్ర ఇచ్చట చెప్పదగినది. ఆ సంవత్సరపు చివరిదినమునకు ముందు అతడు 448 పర్యాయములలో 179 హిట్టులు చేసియుండెను. భాగింపగా 0.39955. మూడు దశాంశ స్థానములకు దిద్దినచో 0.400, అనగా అరుదైన కీర్తి. చివరిదినమున ఆడక కూర్చుండుటకు నిర్వాహకుడు అనుమతించినను, విలియమ్స్ అంగీకరింపలేదు. సెప్టెంబరు 28వ తేదీన జరిగిన రెండు పోటీలలోను ఆడి, 8 పర్యాయములలో 6 హిట్టులు చేసెను. మొత్తము 456లో 185, సగటు 0.406. దిద్దిన అంకెచాటున దాగక, ఆడి సంపాదించిన అంకె యిది.

పిచరునకు మన బౌలరు సగటువంటిదే యొకటి కలదు. ఎదుటి పక్షము న్యాయముగా ఆర్జించిన పరుగులను, అనగా తన జట్టువారి పొరపాటువలన వచ్చినవానిని విడిచి మిగిలినవానిని, 9చే హెచ్చవేసి, అతడు విసరిన ఇన్నింగ్సులచే భాగింపవలెను. పూర్తి ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు గనుక 9చే హెచ్చవేయుదురు. 1968లో సెయింట్ లూయీ జట్టువాడైన బాబ్ గిబ్సన్ 304.2 ఇన్నింగ్సులు విసరి 38 ఆర్జితపరుగులు మాత్రమే ఇచ్చెను. ఈ చుక్కయును దశాంశము కాదు. ఒక ఇన్నింగ్సునకు ముగ్గురు అవుటగుదురు గనుక, 304 ఇన్నింగ్సులును మూడింట రెండు వంతులును అని యర్థము. 38ని 9చే హెచ్చవేయగా 342, దానిని 304.67చే భాగింపగా 1.12. ఇంత గొప్ప లెక్క గలవాడును ఆ సంవత్సరము 22 పోటీలు గెలిచి 9 పోటీలలో ఓడినట్లు వ్రాయబడినాడు. తనవారు పరుగులు చేయనిచో పిచరు ఒక్కడే యేమి చేయగలడు? గెలుపోటముల సంఖ్య జట్టు సంగతి, 1.12 అతని సంగతి. ఈ రెండింటిని కలిపి గందరగోళము చేయరాదు.

పుస్తకమున ఎవరి పేరు?

ఇంతవరకు భాజకమును గూర్చి చెప్పితిమి. దానికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది: లెక్క పుస్తకమున ఎవరి పేరు వ్రాయబడినది?

అమెరికాలో నల్లజాతి ఆటగాండ్రను పెద్ద జట్లలోనికి రానీయక చాలకాలము వెలివేసిరి. వారు వేరుగా తమ సంఘములు స్థాపించుకొని ఆడుకొనిరి. 1947 ఏప్రిలులో జాకీ రాబిన్సన్ ఆ గోడను దాటెను. గొప్ప హిట్టరైన జాష్ గిబ్సన్ అంతకు కొలది నెలల ముందే మరణించెను. 1966లో తనకు మహాసన్మానము జరిగిన సభలో టెడ్ విలియమ్స్ తన గొప్ప చెప్పుకొనుటతో తృప్తిపడక, అవకాశము లేక మరుగునపడిన జాష్ గిబ్సన్ మొదలగు నల్లజాతి ఆటగాండ్రకును ఆ గౌరవము దక్కవలెనని కోరెను. 1920 మొదలు 1948 వరకు ఆ సంఘములవా రాడిన ఆటలు పెద్ద ఆటలేయని 2020లో ఒప్పుకొని, 2024లో వాని లెక్కలను ముఖ్యగ్రంథమున చేర్చిరి. చేర్చిన వెంటనే, జీవితకాలపు సగటులో అంతవరకు మొదటివాడైన టై కాబ్ 0.367తో రెండవస్థానమునకు దిగెను. జాష్ గిబ్సన్ 0.372తో మొదటివాడాయెను. గిబ్సన్ మరణించి అప్పటికి డెబ్బదియేడు సంవత్సరములు. భాగహారము మారలేదు, అంకెలును మారలేదు. మూయబడిన పుస్తకము తెరువబడినది, అంతే.

మన దేశమున వేరొక విధమైన అన్యాయము జరిగినది. 1911లో ఇంగ్లండునకు వెళ్లిన భారతజట్టులో పల్వంకర్ బాలూ అను దళిత కుటుంబీకుడైన బౌలరు నూటికి పైగా వికెట్లు తీసెను. ఆ లెక్క పుస్తకమున నుండెను, అందరును చదివిరి. అయినను బొంబాయి పోటీలలో హిందూ జట్టు నాయకత్వము కులము కారణముగా ఆయనకు ఈయబడలేదు. 1923లో మాత్రమే ఆయన తమ్ముడైన విఠలునకు ఆ పదవి దక్కెను. అచ్చట అంకె వ్రాయబడలేదు; ఇచ్చట వ్రాయబడిన అంకెను చూడ మనసొప్పలేదు. రెండును ఒకే పాపముయొక్క రెండు ముఖములు.

కావున పాఠశాల జట్టునకు స్కోరు వ్రాయు బాలబాలికలకు మా మనవి. ప్రతి బంతిని పడినవెంటనే వ్రాయుడు, జ్ఞాపకముమీద ఆధారపడకుడు. స్నేహితుని పేరున ఒక్క పరుగైనను కలుపకుడు. గిట్టనివాని పేరునుండి ఒక్కటైనను తీయకుడు. క్రికెట్టు నియమములు ప్రతి పోటీకి ఇద్దరు స్కోరరులుండవలెననియు, వారు తరచుగా తమ లెక్కలు సరిచూచుకొనవలెననియు విధించుచున్నవి. ఇద్దరి సాక్ష్యమున మాట స్థిరపడునని లేఖనములవలన మనము నేర్చినదే. తప్పుతూనిక వర్తకునికి ఎంత దోషమో, తప్పులెక్క స్కోరరునకును అంతే దోషము.

జట్టును ఎంచు పెద్దలకును ఒక మాట. రెండే పోటీలాడిన బాలుని సగటు చూచి వానిని ఆకాశమున కెత్తకుడు, పాతాళమున పడవేయకుడు. పుస్తకమున పేరే లేని బాలుడున్నచో, వానికి ఆట రాదని నిశ్చయించుటకు ముందు, వానికి ఎవరైన బ్యాటు ఇచ్చిరా యని విచారింపుడు. తల్లిదండ్రులు తమ బిడ్డ మార్కులపట్టీ చూచునపుడును ఇట్లే చేయుదురుగాక: అంకెను చదువుడు, అది దేనిచే భాగింపబడినదో అడుగుడు, అటుపిమ్మట బిడ్డను పిలిచి మాటలాడుడు.